సీటు విదేశంలో వచ్చింది, కాగితం మన జిల్లాలో ఆగింది: ఒక బహిరంగ లేఖ

విదేశీ విద్యా పథకాలను నడిపే సంక్షేమ శాఖల అధికారులకు, విశ్వవిద్యాలయాల పరీక్షల విభాగాల బాధ్యులకు, విద్యా రుణాలు మంజూరు చేసే బ్యాంకుల జిల్లా స్థాయి అధికారులకు,

నమస్కారములు.

నేను శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ విద్యార్థులకు ఇరవై ఆరేళ్లు రాజనీతిశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. రాజనీతిశాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు విదేశాల్లో చదవాలనుకునే మా ప్రాంతపు పిల్లలకు ఎదురవుతున్న ఇబ్బందులను వివరిస్తూ గత పద్నాలుగు నెలల్లో వేర్వేరు కార్యాలయాలకు మూడు వినతిపత్రాలు ఇచ్చాను. మొదటిదానికి రశీదు వచ్చింది. రెండోదాన్ని సంబంధిత విభాగానికి పంపామని ఫోనుకు సందేశం వచ్చింది కానీ, ఆ విభాగం ఏదో చెప్పగలిగినవారు ఎవరూ కనబడలేదు. మూడోదానికి ఏమీ రాలేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఏ కార్యాలయాన్నీ, ఏ ఉద్యోగినీ పేరు పెట్టి నిందించడం నా ఉద్దేశం కాదు. వాళ్లలో కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్లే.

ముందుగా ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి, ఎందుకంటే మేము వెళ్లిన ప్రతి బల్ల దగ్గరా అదే ఎదురైంది. "కంప్యూటర్ల ఎమ్మెస్ అయితే సరే గానీ, పొలిటికల్ సైన్సు చదవడానికి విదేశం దాకా ఎందుకు మాస్టారూ?" అని అడిగారు. ఇందులో న్యాయం లేకపోలేదు. దిల్లీలో జేఎన్‌యూ, హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. నా విద్యార్థుల్లో చాలామందిని అక్కడికే వెళ్లమన్నాను, ఇప్పటికీ అదే చెబుతాను. కానీ సముద్ర సరిహద్దుల న్యాయం, వలస కార్మికుల హక్కులు, అణు ప్రమాదాల్లో నష్టపరిహారం వంటి అంశాలను లోతుగా చదవాలనుకునే ఒకరిద్దరికి, ఆ ఒప్పందాలు పుట్టిన చోట, వాటి పత్రాలు దాచిన చోట, వాటిపై బతుకంతా పనిచేసిన గురువులున్న చోట చదవడం వేరు. అంతర్జాతీయ సంబంధాలకు ప్రత్యేక ఆచార్య పీఠం మొదట ఏర్పడింది మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో, వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో. జెనీవాలోని అంతర్జాతీయ అధ్యయన సంస్థ 1927లో, ఐక్యరాజ్యసమితికి ముందు ఉన్న నానాజాతి సమితి కొలువైన ఊళ్లోనే మొదలైంది.

ఇదంతా సిక్కోలుకు దూరపు సంగతి అనుకునేవారికి ఒకటి గుర్తు చేస్తాను. 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకు వెళ్లిన బోట్లలో పనిచేస్తున్న మన రాష్ట్ర మత్స్యకారులు, పాకిస్తాన్ జలాల్లోకి వచ్చారన్న ఆరోపణపై పట్టుబడ్డారు. ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారే; ఎచ్చెర్ల మండలం డి. మత్స్యలేశం వంటి ఊళ్లలో ఆ దినాల్లో పొయ్యి వెలగని ఇళ్లు నేను చూశాను. 20 మంది దాదాపు 14 నెలలు కరాచీ జైల్లో గడిపి 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి వచ్చారు. భారత్, పాకిస్తాన్‌ల మధ్య 2008లో కుదిరిన ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్లలో ఉన్న ఎదుటి దేశపు ఖైదీల, మత్స్యకారుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఈ సంగతి నేను తరగతిలో ఏటా చెప్పేవాణ్ణి. ఆ ఊళ్లలో మాత్రం, తమవాడి పేరు ఆ జాబితాలో ఉందో లేదో ఎవరిని అడగాలో తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లా ఇది.

ఆ తీరంలోని ఒక మత్స్యకార కుటుంబపు అమ్మాయి నా విద్యార్థిని. ఆమె తండ్రి కూడా వేరావల్ బోట్లమీద పనిచేసినవాడే. పట్టుబడినవారిలో అతని తోటివాళ్లు ఉన్నారు. గుజరాత్, పాకిస్తాన్‌ల మధ్య ఉన్న సర్ క్రీక్ అనే పాయ దగ్గర సముద్ర సరిహద్దు ఈనాటికీ తేలకపోవడం, 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒప్పందంలోని 73వ అధికరణం — అంటే ప్రత్యేక ఆర్థిక మండలిలో (తీరదేశానికి చేపల వేట హక్కులున్న సముద్ర భాగంలో) చేపల వేట నిబంధనలు మీరినందుకు, ఆయా దేశాల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, జైలుశిక్ష వేయరాదన్న నియమం — ఎక్కడ వర్తిస్తుంది, ఎక్కడ వర్తించదు అనేది చదవాలని ఆమె కోరిక. బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయం ఆమె రాసుకున్న ఉద్దేశ పత్రం చదివి, అంతర్జాతీయ సంబంధాల ఎంఏలో సీటు ఇచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు, ఆ తర్వాతి కథంతా ఇక్కడే జరిగింది. ఆమెకూ, ఆమెలాంటి మరికొందరికీ ఎదురైనవాటిని కింద వరుసగా పెడుతున్నాను.

1. ట్రాన్స్‌క్రిప్టుల జాప్యం. విదేశీ విశ్వవిద్యాలయాలు మన మార్కుల జాబితాలతో సరిపెట్టుకోవు. సెమిస్టరువారీ మార్కులతో విశ్వవిద్యాలయం ముద్ర వేసిన ట్రాన్స్‌క్రిప్టు, బోధన ఏ భాషలో జరిగిందో తెలిపే పత్రం, కొన్నిచోట్ల సిలబస్ ప్రతి కూడా అడుగుతాయి. విదేశీ పట్టాల విలువ తేల్చే కొన్ని మదింపు సంస్థలకైతే ఆ కవరు విశ్వవిద్యాలయం నుంచి నేరుగా వెళ్లాలి. మా అమ్మాయి ఫిబ్రవరి రెండో వారంలో రుసుము కట్టింది. ట్రాన్స్‌క్రిప్టు చేతికి వచ్చింది జూలై మూడో వారంలో. ఈ మధ్యలో ఆమె తొమ్మిదిసార్లు బస్సెక్కి వెళ్లింది. ఒకసారి సంతకం పెట్టేవారు సెలవులో ఉన్నారు, ఒకసారి పాత రిజిస్టరు దొరకలేదు, ఒకసారి తండ్రి ఇంటిపేరులో ఒక అక్షరం తేడా ఉందని మొదటి నుంచి దరఖాస్తు పెట్టమన్నారు. అప్పటికి అక్కడ డిపాజిట్టు కట్టవలసిన గడువు దాటిపోయింది. తొమ్మిది ప్రయాణాలకు ఆమె వదులుకున్న కూలి గురించి ఏ కార్యాలయంలోనూ లెక్క ఉండదు. ఇంజనీరింగు కళాశాలల్లో ఏటా వందలమంది విదేశాలకు వెళ్తారు కనుక అక్కడివారికి ఈ పని అలవాటు. ఆర్ట్స్ విద్యార్థి వచ్చి ట్రాన్స్‌క్రిప్టు అడిగితే, అసలు అది తమ పనేనా అన్న సందేహంతోనే సగం కాలం గడుస్తుంది.

2. రుణాలు. బ్యాంకుల ఆదర్శ విద్యా రుణ పథకం ప్రకారం రూ.4 లక్షల వరకు పూచీకత్తు అక్కర్లేదు, రూ.7.5 లక్షల వరకు మూడో వ్యక్తి హామీ చాలు, అది దాటితే ఆస్తి తనఖా పెట్టాలి. బ్రిటన్‌లో ఏడాది ఎంఏకు ఫీజు, బస, భోజనం కలిపి ముప్పై లక్షలు దాటుతుంది. తనఖాకు మా కుటుంబాల దగ్గర ఉన్నదేమిటి? ఎకరమో ఎకరంన్నరో పొలం, గ్రామకంఠంలో ఒక ఇల్లు. బాకీ తీరకపోతే కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం సాగుభూమిపై హక్కులకు వర్తించదని అందులోని 31వ సెక్షనే చెబుతోంది కనుక, వసూలు కష్టమని బ్యాంకు పొలాన్ని వద్దంటుంది. గ్రామకంఠం ఇంటికి రిజిస్టరు దస్తావేజు ఉండదు కనుక ఇంటినీ వద్దంటుంది. పట్టణంలో ఫ్లాటు ఉన్నవాడికి అప్పు పుడుతుంది. తరతరాలుగా భూమి దున్నినవాడికి పుట్టదు. వ్యవసాయానికి అదే పొలంమీద పంట రుణం ఇచ్చే శాఖ, అదే ఇంటి బిడ్డ చదువుకు ఆ పొలాన్ని చిత్తు కాగితంలా పక్కన పెట్టడం రైతుకు ఎంత చెప్పినా అర్థం కాదు, నిజం చెప్పాలంటే నాకూ అర్థం కాదు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో తనఖా లేని రుణం ఉంది కానీ, అది దేశంలోని ఎంపిక చేసిన సంస్థలకే పరిమితం.

ఇక దీని ఫలితం ఎక్కడ తేలుతుందంటే ప్రైవేటు అప్పుల్లో. బ్రిటన్ వీసాకు చూపించే సొంత సొమ్ము వరుసగా 28 రోజులు ఖాతాలో నిలిచి ఉండాలి. ఆ ఇరవై ఎనిమిది రోజులకు డబ్బు వేసి తీసేసుకునే మధ్యవర్తులు మన పట్టణాల్లోకీ వచ్చేశారు. నూటికి మూడు రూపాయల వడ్డీకి అలా తెచ్చుకుని, వీసా వచ్చాక చేతిలో పైసా లేక, అక్కడికి వెళ్లి చదువు కన్నా ముందు పని వెతుక్కున్న కుర్రవాణ్ణి ఒకణ్ణి ఎరుగుదును. పైగా మా సబ్జెక్టుకు అక్కడ ఉద్యోగ వ్యవధి తక్కువ. అమెరికాలో చదువయ్యాక పనిచేసే అనుమతి అందరికీ 12 నెలలు. సైన్సు, ఇంజనీరింగు వర్గంలోని కోర్సులకు మరో 24 నెలలు కలుస్తుంది, రాజనీతిశాస్త్రానికి సాధారణంగా కలవదు. బ్రిటన్‌లో పీజీ వాళ్లకు రెండేళ్లపాటు ఇచ్చే ఈ వ్యవధి 2027 జనవరి 1 నుంచి చేసే దరఖాస్తులకు 18 నెలలవుతుంది. కాబట్టి అప్పు తీరే దారి గురించి బ్యాంకు అడగడం తప్పని నేను అనను. తీర్చే గడువు సబ్జెక్టును బట్టి పెంచమంటున్నాను.

3. ర్యాంకుల కొలబద్ద. 2022లో రాష్ట్ర ప్రభుత్వం విదేశీ విద్యా సాయాన్ని క్యూఎస్ అనే సంస్థ ఇచ్చే ప్రపంచ ర్యాంకుల జాబితాలో మొదటి 200 విశ్వవిద్యాలయాలకు పరిమితం చేసింది. మొదటి వందలో సీటు వస్తే పూర్తి ఫీజు, 101 నుంచి 200 వరకు రూ.50 లక్షల దాకా సాయం. మొత్తం విశ్వవిద్యాలయానికి ఇచ్చే ర్యాంకులో సైన్సు, వైద్యం వంటి అన్ని శాఖల పేరు, పరిశోధనలు, వాటిని ఇతరులు ఉల్లేఖించడం అన్నీ కలిసి లెక్కకు వస్తాయి. దానితో ఏం జరిగిందో చూడండి: ప్యారిస్‌లోని సియాన్స్ పో రాజనీతిశాస్త్రంలో ప్రపంచంలోని మొదటి అయిదింటిలో కనిపిస్తుంది, మొత్తం ర్యాంకులో మాత్రం 200 దాటి ఉంటుంది. దౌత్య విద్యకు పేరుపడ్డ అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం కూడా మొత్తం ర్యాంకులో 200 దాటే ఉంటుంది. అంటే గొంతు పాటకు పోటీ పెట్టి, పాటగాడి ఊళ్లో ఆసుపత్రి ఎంత పెద్దదో చూసి బహుమతి ఇచ్చినట్టు. తర్వాత 2023లో సబ్జెక్టువారీ ర్యాంకులను లెక్కలోకి తెచ్చారు. అది సరైన దారి. కానీ మొదటి 50కే పరిమితం చేయడంతో, పేదపిల్లలకు అందుబాటులో ఉండే మధ్యస్థాయి మంచి విశ్వవిద్యాలయాలు మళ్లీ గీత బయటే ఉండిపోయాయి.

ఇంకొకటి, సొమ్ము చేతికందే పద్ధతి. 2022 నాటి నిబంధనల్లో సాయం నాలుగు వాయిదాలు: మొదటిది ఆ దేశంలో దిగి, దిగినట్టు పత్రం చూపించాక, మిగిలినవి సెమిస్టర్ల ఫలితాలు వచ్చాక. రెండేళ్ల అమెరికా చదువుకు కొలతలు తీసి కుట్టిన చొక్కా ఇది. బ్రిటన్ ఎంఏ ఒక్క ఏడాదే, అక్కడ నాలుగో సెమిస్టరు ఉండదు. విమానం ఎక్కకముందే కట్టవలసిన డిపాజిట్టు, వీసా రుసుము, ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుము, టిక్కెట్టు — ఇవన్నీ ఎవరు కట్టాలి? దిగాక ఇచ్చే సాయం, దిగగలిగిన వాడికే సాయం.

4. అంశాలపై ఆంక్ష. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు ఏడాదికి 125 మందికి. అందులో 115 ఎస్సీలకు. గిరిజన వ్యవహారాల శాఖది దేశం మొత్తానికి 20 మాత్రమే, అందులో 3 ఆదిమ గిరిజన తెగలకు. మొదటి పథకంలో 2022లో ఒక వాక్యం చేర్చారు: భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశానికి సంబంధించిన సామాజిక అధ్యయనాలు ఈ సాయానికి అర్హం కావు. ఇక్కడి విషయాలు ఇక్కడే చదవవచ్చునన్నది అప్పుడు ఇచ్చిన సమాధానం. 1913లో బరోడా సంస్థానం నెలకు 11.5 పౌండ్ల చొప్పున ఇచ్చిన ఉపకార వేతనంతో కొలంబియాకు వెళ్లిన అంబేడ్కర్, 1916లో అక్కడ చదివిన పత్రం భారతదేశంలోని కులాల గురించే. ఆ వాక్యం అప్పుడు ఉండి ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి. రాజనీతిశాస్త్రంలో ఈ గీత గీయడం మరీ కష్టం. మన మత్స్యకారుల నిర్బంధం భారతీయ సామాజిక అధ్యయనమా, అంతర్జాతీయ న్యాయమా? రణస్థలం మండలం కొవ్వాడలో వెస్టింగ్‌హౌస్ సంస్థ రియాక్టర్లు ఆరు, ఒక్కొక్కటి 1208 మెగావాట్లతో పెట్టాలన్న ప్రతిపాదన 2008 నాటి భారత–అమెరికా అణు ఒప్పందానికి కొనసాగింపు. భూమి ఇచ్చిన ఊళ్ల గురించి రాస్తే అది ఏ గడిలోకి వస్తుంది? దరఖాస్తు పరిశీలించే గుమాస్తా తేల్చవలసిన ప్రశ్న కాదిది. తేల్చలేక అతను చేసేది తిరస్కరించడమే.

5. తిరిగి వచ్చాక గుర్తింపు. ఒక ఏడాది బ్రిటన్ ఎంఏ చేసి వచ్చిన కుర్రవాడు అధ్యాపక ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, పీజీ రెండేళ్లది కాదని వెనక్కి పంపారు. 2022 జూలైలో భారత్, బ్రిటన్ పరస్పరం పట్టాలను గుర్తించే అవగాహన కుదుర్చుకున్నాయని, 2025 ఏప్రిల్‌లో యూజీసీ విదేశీ పట్టాల సమానత్వంపై నిబంధనలే ఇచ్చిందని ఆ గదిలో ఉన్నవారికి తెలియదు. వాడు ఇప్పుడు బెంగళూరులో కాల్ సెంటరులో ఉన్నాడు.

6. సమాచారం లేకపోవడం. జర్మనీలో చాలా రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. ఏడాది ఖర్చుకు నిర్ణీత మొత్తం నిర్బంధ ఖాతాలో (నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగల ఖాతాలో) చూపాలి, 2022 నవంబరు నుంచి మన చదువు పత్రాలు సరైనవేనని తేల్చే ఏపీఎస్ ధ్రువపత్రం కావాలి. బ్రిటన్ ప్రభుత్వం 1983 నుంచి ఇస్తున్న చీవెనింగ్ ఉపకార వేతనానికి రెండేళ్ల పని అనుభవం, చదివాక రెండేళ్లు స్వదేశంలో ఉంటామన్న మాట కావాలి. ఈ సంగతులు మన పట్టణాల కన్సల్టెన్సీలు చెప్పవు, కమిషను రాని చోటు గురించి వాళ్లెందుకు చెబుతారు? చెప్పవలసిన కళాశాలల్లో చెప్పేవారు లేరు. ఈ విషయంలో తప్పు నాది కూడా. ఇరవై ఆరేళ్లలో చివరి నాలుగేళ్లలోనే నేనూ ఇవి తెలుసుకున్నాను.

పాతపట్నం నుంచి 1952లో లోక్‌సభకు ఎన్నికైన వి.వి. గిరి గారు 1913 నుంచి 1916 వరకు డబ్లిన్‌లో చదివినవారు. 1947 నుంచి 1951 వరకు సిలోన్‌లో భారత హైకమిషనర్‌గా ఉన్నారు. విదేశంలో చదివిన మనిషిని పార్లమెంటుకు పంపిన జిల్లా నుంచే ఇవాళ ఈ లేఖ రాయవలసి రావడం బాధగా ఉంది.

పై కారణాల చేత మేము కోరుతున్నవి ఇవి. ట్రాన్స్‌క్రిప్టు, బోధనా మాధ్యమ పత్రం, సిలబస్ ప్రతి రుసుము కట్టిన 15 పనిదినాల్లో ఇవ్వాలి. దరఖాస్తు ఏ బల్లమీద ఉందో విద్యార్థి ఫోనులోనే చూసుకోగలగాలి. పేరులో అక్షరదోషాల సవరణకు ఫైలు మొదటికి రాకూడదు. విద్యా రుణాలకు సాగుభూమిని, ప్రభుత్వ ఆస్తి కార్డు ఉన్న గ్రామకంఠం ఇంటిని హామీగా తీసుకునేలా జిల్లా స్థాయి బ్యాంకర్ల సమావేశంలో తీర్మానించి పైకి పంపాలి. పైవారు వద్దంటే రాష్ట్రమే రుణానికి హామీ నిలబడాలి. రుణం తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. మా అమ్మాయికి నోటిమాటే దక్కింది.

రాష్ట్ర పథకంలో రాజనీతిశాస్త్రానికి, అంతర్జాతీయ సంబంధాలకు సబ్జెక్టు ర్యాంకునే ప్రమాణంగా తీసుకుని, గీతను 50 నుంచి కనీసం 150కి జరపాలి. ఏడాది కోర్సులకు రెండు వాయిదాలు చాలునని రాయాలి. మొదటి వాయిదా వీసా వచ్చిన రోజునే విశ్వవిద్యాలయం ఖాతాకు చేరాలి. కేంద్ర పథకంలోని అంశాల ఆంక్షను తొలగించమని రాష్ట్ర ప్రభుత్వం లేఖ రాయాలి, మన ఇద్దరు ముగ్గురు ఎంపీలు దాన్ని సభలో అడగాలి. నియామక సంస్థలకు యూజీసీ 2025 నిబంధనల ప్రతి పంపితే అయిదో అంశం ఖర్చు లేకుండా తీరుతుంది. ఆరోదానికి పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. జిల్లాకు ఒక డిగ్రీ కళాశాలలో, వారానికి ఒక పూట, ఒక మనిషి కూర్చుంటే చాలు. ఎవరూ దొరక్కపోతే నేను కూర్చుంటాను, జీతం వద్దు.

మా అమ్మాయి ప్రవేశాన్ని ఆ విశ్వవిద్యాలయం ఒక ఏడాది వాయిదా వేసింది, రెండోసారి వేయదు. ఈసారి డిపాజిట్టు గడువు జూన్ 30. ట్రాన్స్‌క్రిప్టు ఆమె దగ్గర ఉంది. రుణం దరఖాస్తు రెండోసారి పెట్టి ఏడు వారాలైంది, ఇంకా జవాబు రాలేదు. ఈలోగా ఆమె పలాస దగ్గర ఒక ప్రైవేటు పాఠశాలలో ఎనిమిదో తరగతికి సాంఘికశాస్త్రం చెబుతోంది.

ఇట్లు,
విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు,
శ్రీకాకుళం జిల్లా.